ఆటల కొట్టు మీది ఆశ

గత వేసవిలో ఒక ఆదివారము సాయంకాలము యౌవనుల కూటము ముగిసిన తరువాత నేను మందిరపు వాకిట చెప్పులు తొడుగుకొనుచుండగా, వేపచెట్టు క్రింద అరుగుమీద కూర్చున్న ముగ్గురు పిల్లల నడుమనుండి ఒక చప్పుడు వినవచ్చెను. ఎవరో ఎవరినో తన్నిన చప్పుడు. దాని వెంటనే పీపా ఒకటి పగిలిన చప్పుడు. నా కాళ్లు అక్కడనే ఆగిపోయెను. ముప్పది యేండ్లుగా నేను వినని చప్పుడది. అయినను దానిని గుర్తుపట్టుటకు నాకు ఒక క్షణమైనను పట్టలేదు.

అంతకు ముందే నేను ముప్పావు గంటసేపు ఆ పిల్లలతోనే సెల్‌ఫోనుకు దాసులగుటను గూర్చి మాటలాడి యుంటిని. నన్ను చూచి వారు ఫోనును దాచబోయిరి. "ఇప్పుడే తీశామండీ అయ్యగారూ" అని ఒకడు తడబడెను. నేను గద్దింపవలసినవాడను. గద్దింపక, "అది ముస్తఫా ఆట కాదా?" అని అడిగితిని. వారు ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. వారిలో చిన్నవాడు ఫోను నా చేతికిచ్చి, "మీకు వచ్చా అయ్యగారూ?" అనెను. వచ్చునని చెప్పుటకు సిగ్గుపడితిని. రాదని చెప్పుటకు మనస్సు ఒప్పలేదు.

చదువరులారా, ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. కూటములో నేను చెప్పిన మాటలు నిజమా, లేక ఆ చప్పుడు విన్నప్పుడు నా గుండెలో ఎగసిన సంతోషము నిజమా? వ్యర్థమని తానే బోధించిన దానిని ఒక మనుష్యుడు ఇంతగా ప్రేమించుట యెట్లు? గడచిన దినములమీది ఈ ఆశ మంచిదా, మోసమా? ఈ ప్రశ్నను గూర్చియే నేను వ్రాయుచున్నాను.

మీలో ఏబదియేండ్ల ప్రాయమువారికి, అందును పట్టణములలో చదివినవారికి, ఆ ఆటల కొట్లు తెలిసియే యుండును. తక్కినవారికి కొంచెము చెప్పవలెను. 1994లో నేను తెనాలిలో డిగ్రీ చదువుచుంటిని. మా పల్లెనుండి ప్రతిదినము బస్సులో పోయి వచ్చెడివాడను. బస్టాండుకు కొంచెము దూరములో ఒక సందులో ఒకే గది గల కొట్టు ఉండెను. వాకిటికి తలుపునకు మారుగా నల్లని గుడ్డ వ్రేలాడుచుండెను. లోపల అయిదు చెక్క పెట్టెలు, ఒక్కొక్కటి మనిషి యెత్తు. పెట్టెలో టెలివిజను, దాని క్రింద ఒక పిడి, కొన్ని బటన్లు, మోకాలి యెత్తున రూపాయి బిళ్ల వేయుటకు ఒక సందు. ఫ్యాను ఉండెను గాని తిరిగినట్లు నాకు జ్ఞాపకము లేదు. చెమట వాసన, వేడెక్కిన చెక్క వాసన. ఆ గదిలో పది యేండ్లవాడు మొదలుకొని ఇరువది రెండేండ్లవాని వరకు మగపిల్లలు క్రిక్కిరిసి యుండెడివారు. ఆడుపిల్ల ఒకతెయైనను ఆ గుడ్డను తొలగించి లోపలికి వచ్చుట నేనెన్నడును చూడలేదు. ఇంటరు చదువుచున్న నా చెల్లెలు నా పుస్తకములు కూడ పట్టుకొని బస్టాండులో కూర్చుండెడిది.

మేము ముస్తఫా అని పిలిచిన ఆటకు అసలు పేరు అది కాదు. జపాను దేశపు కాప్‌కామ్ సంస్థవారు 1993లో దానిని కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అను పేరున విడుదల చేసిరి. మార్క్ షుల్ట్జ్ అను అమెరికా చిత్రకారుడు గీసిన బొమ్మల కథ దానికి మూలము. అందులో నలుగురు వీరులు గలరు: జాక్, హానా, ముస్తఫా, మెస్. పచ్చని టోపీ పెట్టుకొని అందరికంటె వేగముగా పరుగెత్తువాడు ముస్తఫా. ఆ పెద్ద పేరు మా నోట పలుకలేదు గనుక ఆ ఒక్కని పేరే ఆటకు పెట్టుకొంటిమి. మేమే కాదు, దేశములో అనేక పట్టణములలోని పిల్లలు ఆ పేరుననే పిలిచిరని తరువాత తెలిసినది. ఎవరును చాటించకుండ ఒకే పేరు అన్ని ఊళ్లలో ఎట్లు నిలిచెనో!

ఈ పెట్టెల చరిత్ర పెద్దదేమియు కాదు. 1972లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్ పట్టణములో ఒక సారాయి అంగడిలో అటారీ సంస్థవారు పాంగ్ అను బంతియాట పెట్టెను నిలిపిరి. కొద్ది దినములకే అది పనిచేయుట లేదని కబురు వచ్చినది. దానిని తయారు చేసిన అలన్ ఆల్కార్న్ వెళ్లి చూడగా, నాణెములు నిండిపోయి ఇక లోపలికి దిగుటకు చోటు లేకుండెను. ఆ దినమున ఆ వ్యాపారము పుట్టినదనవచ్చును. 1978లో జపానులో తొమోహిరో నిషికాడో స్పేస్ ఇన్వేడర్స్ అను ఆటను కల్పించెను. అందులో శత్రువులు చచ్చినకొలది మిగిలినవారు త్వరపడి దిగివత్తురు. ఇది మొదట అతడు తలపెట్టినది కాదు. బొమ్మలు తగ్గినకొలది యంత్రమునకు పని తగ్గి అది వేగముగా నడచెను; ఆ వేగము ఆటకు రుచి తెచ్చినదని చూచి అతడు అట్లే ఉంచెను. ఆ ఆట మూలముగా జపానులో నూరు యెన్ల నాణెములు కరవయ్యెనని నేటికిని చెప్పుకొందురు. అది నిజమని చూపు ఆధారము లేదు. అయినను చెప్పుకొనుట మానరు. ప్రీతిగల జ్ఞాపకము యెప్పుడును తన లెక్కను కొంత పెంచియే చెప్పును.

నా జ్ఞాపకముకూడ అట్టిదేనా అని పరీక్షించుకొంటిని. మొదట అందులో నిజమైన దానిని చెప్పవలెను.

ఆ ఆటను ముగ్గురు కలిసి ఆడవచ్చును. ఒకే పెట్టె యెదుట ముగ్గురు భుజమునకు భుజము ఆనించి నిలువవలెను. నా ప్రక్కను తరచుగా నిలిచినవాడు మా పల్లెలోని పెద్ద రైతు కుమారుడు. పల్లెలో వారి అరుగుమీద నేను కూర్చుండుటకు వీలులేదు. మా నాన్నగారు వారి వాకిట నిలిచియే కూలి తీసికొనెడివారు. ఆ నల్లని గుడ్డకు లోపల మాత్రము అతని చెమట నాకు అంటెను, నాది అతనికి అంటెను. నా వీరుడు పడిపోవుచున్నప్పుడు నేలమీద దొరికిన ఆహారమును తాను తినక, "నువ్వు తినరా, నీకే తక్కువుంది" అని నాకు విడిచిపెట్టెడివాడు. ఆట అని మీరు నవ్వవచ్చును. మా పల్లెలో ఆ కుటుంబమువారు మాలో ఒకనికి తినుమని తమ వంతు విడిచిపెట్టుట నేను అదివరకు చూడలేదు. బయటికి వచ్చి బస్సెక్కిన తరువాత అతడు ముందర సీటులో కూర్చుండి వెనుకకు తిరిగి చూచెడివాడు కాడు. అదియు నిజమే. అయినను లోపల జరిగినది జరుగలేదని నేను చెప్పజాలను. వేపచెట్టు క్రింద ఆ చప్పుడు విని నా కాళ్లు ఆగుటకు కారణము ఇది అని నా నమ్మకము.

ఇక నా జ్ఞాపకము దాచియుంచిన దానిని చెప్పెదను.

వీరుడు చనిపోయినప్పుడు తెరమీద పెద్ద అంకెలు ఒక్కొక్కటిగా తగ్గుచు సున్నా వరకు దిగివచ్చును. అది సున్నాకు చేరకముందు ఇంకొక రూపాయి వేసినయెడల ఆట సాగును. లేనియెడల అంతవరకు పడిన శ్రమ అంతయు పోవును. ఆ లెక్కను కల్పించినవాడు మనుష్యుల గుండెను బాగుగా ఎరిగినవాడు. అంకె తగ్గుచుండగా చెయ్యి తనంతట తానే జేబులోనికి పోవును. మొదట నేను బస్సు చార్జీ వేసి కాలువ గట్టు వెంబడి నడచి ఇంటికి పోతిని. కాళ్లు నావే గనుక అందులో ఎవరికిని నష్టము లేదని తలంచితిని, చెల్లెలిని కూడ నడిపించినను. ఒక దినమున మా అమ్మ గుడ్లమ్మిన డబ్బు నా చేతికిచ్చి, పట్టణములో వేరుశనగ నూనె చవుక గనుక ఒక సీసా తెమ్మనెను. ఆ డబ్బులో కొంత ఆ పెట్టెలో వేసితిని. మిగిలిన దానికి వచ్చినంత నూనె పోయించుకొని, నూనె కొట్టువాడు కొలత తక్కువ పోసెనని అమ్మతో చెప్పితిని.

శనివారమున ఆమె గుడ్ల గంప తీసికొని తెనాలికి పోయినప్పుడు ఆ కొట్టు ముందు నిలిచి, నలుగురు వినునట్లు అతనిని దొంగ అని పిలిచెను. అతడు ప్రమాణము చేసెనట. ఆమె నమ్మలేదు. కుమారుని మాట నమ్మినది. 2011లో ఆమె ప్రభువునందు నిద్రించువరకు నేను ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

ఈ ముప్పది యేండ్లలో నేను ఆ ఆటల కొట్టును అనేక పర్యాయములు తలంచుకొంటిని. తలంచుకొన్న ప్రతిసారి ఆ పచ్చని టోపీ వచ్చినది, పీపాల చప్పుడు వచ్చినది. నూనె సీసా ఒక్కసారియైనను రాలేదు. ఆ వేసవి రాత్రి నిద్ర పట్టక వెదకినందున అది దొరకినది.

గతమునకై కలుగు ఈ వ్యాకులతకు ఐరోపావారు పెట్టిన పేరు ఒక రోగము పేరే. 1688లో బాసెల్ పట్టణపు వైద్య విద్యార్థియైన యోహానెస్ హోఫర్ ఇంటికి మరలిపోవలెనను వేదనకు నోస్టాల్జియా అని పేరు పెట్టి దానిని గూర్చి ఒక పరిశోధన వ్రాసెను. పరదేశములలో కూలి సైనికులుగా పనిచేసిన స్విట్జర్లాండు వారికి ఈ రోగము విశేషముగా కలుగుననిరి. అట్టివారు ఇంటికి పోయినను నిరాశపడుదురనియు, వారు వెదకునది ఊరు కాదు, తిరిగి రాని తమ యౌవనమే అనియు తత్త్వవేత్తయైన కాంట్ 1798లో ప్రచురించిన గ్రంథములో అభిప్రాయపడెను. ఊరికైతే బస్సు గలదు. ఇరువదియొకటవ యేటికి బస్సు లేదు.

సంఖ్యాకాండము పదకొండవ అధ్యాయములో ఇశ్రాయేలీయులు అరణ్యమందు ఏడ్చిన సంగతి మీకు తెలియును. వారికి ఐగుప్తు చేపలు, దోసకాయలు, ఉల్లిపాయలు జ్ఞాపకము వచ్చెను. ఇటుకలు, కొరడా జ్ఞాపకము రాలేదు. ఈ భాగముమీద నేను ఎన్నియో సారులు బోధించితిని, ఎల్లప్పుడును వారిని నిందించుచునే బోధించితిని. ఇప్పుడు నాకు వేరొక తలంపు కలుగుచున్నది. ఐగుప్తు దోసకాయలు నిజముగానే రుచిగా ఉండవచ్చును. వారు ఆ రుచిని గూర్చి అబద్ధమాడలేదు. లెక్కలో ఒక ప్రక్కను మాత్రమే చదివిరి. పాత దినములు ఇప్పటికంటె మేలని అనుకొనవద్దని ప్రసంగి ఏడవ అధ్యాయములో హెచ్చరించినవాడును జ్ఞాపకముంచుకొనుటను నిషేధించలేదు. పోల్చి తీర్పు తీర్చుటను వద్దనెను.

ఆ దినములలో పెద్దలు ఈ ఆటలమీద తీర్పు తీర్చుటకు ఆలస్యము చేయలేదు. 1981లో ఫిలిప్పీన్స్ దేశాధ్యక్షుడు మార్కోస్ వీడియో ఆటలను దేశమంతట నిషేధించెను. 1982లో అమెరికాలోని మార్ష్‌ఫీల్డ్ అను ఊరివారు నాణెములు వేసి ఆడు పెట్టెలు తమ ఊరిలో ఉండరాదని కట్టడ చేసిరి. 2014లో గాని దానిని తీసివేయలేదు. మా సంఘములోను ఆ కొట్టులోనికి పోవువారు నశింతురని ప్రసంగము జరిగెను. నేను వెనుక వరుసలో కూర్చుండి వింటిని. ఆ ప్రసంగీకుడు పెట్టెను గూర్చి చాల మాటలాడెను గాని, "నాయనా, రూపాయి ఎక్కడిది?" అని నన్ను అడుగలేదు. అడిగియుంటే నూనె సంగతి ఆనాడే బయటపడియుండునేమో. ఇప్పుడు నేను ఫోనును గూర్చి చేయు ప్రసంగములును అట్టివే కావా? నా ప్రసంగమును నేను వెనుకకు తీసికొనుట లేదు. పగలనక రాత్రియనక జేబులోనే ఉండు యంత్రము ఆ పెట్టెకంటె కఠినమైన యజమానుడు. అయితే ఆ సాయంకాలము అరుగుమీద ఒక్క ఫోను చుట్టు మూడు తలలు ఆనుకొనియుండెను. ఒకరి వంతు ఒకరికి ఇచ్చుకొనుచుండిరి. అది చూచుటకు ముందే నేను మాటలాడి ముగించితిని.

ఇప్పుడు ఆ కొట్ల కాలము గతించినది. జపానులో సేగా సంస్థవారే 2020లో తమ ఆటశాలల వ్యాపారములో అధిక భాగమును అమ్మివేసిరి. అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రమందలి ఫన్‌స్పాట్ అను చోట పాత పెట్టెలను ప్రదర్శనశాలగా నిలిపి, వచ్చినవారిని ఆడుకొననిచ్చుచున్నారు. పాత పలకలను బాగుచేయువారును గలరు. 1993 నుండి కాప్‌కామ్‌వారు చేసిన కొన్ని పలకలలో దొంగ నకలు చేయకుండునట్లు ఒక రహస్యపు తాళమును దాచిరి. చిన్న బ్యాటరీ ఒకటి దానిని నిలిపియుంచును. బ్యాటరీ చచ్చినప్పుడు తాళము చెరిగిపోయి ఆట మూగపోవును. దాని ఆయుష్షు తీరకముందే క్రొత్తది వేయుటకు దూరదేశములలో పెద్దమనుష్యులు గంటలకొలది కూర్చుండి పాటుపడుదురు. వారిని నేను నవ్వను. ఒక వస్తువును చావనియ్యకుండ కాపాడుటయు ప్రేమయే.

నేను కాపాడనిది ఒకటి యున్నది.

ఆ కొట్టులో వాకిటి ప్రక్కను ఎత్తు పీటమీద ఒక పిల్లవాడు కూర్చుండెడివాడు. పది పదకొండేండ్లుండును. నోటు ఇచ్చినవారికి రూపాయి బిళ్లలు లెక్కించి ఇచ్చుట, బిళ్ల ఇరుక్కొన్నప్పుడు పెట్టె ప్రక్కను ఎక్కడ కొట్టవలెనో అక్కడ కొట్టుట, రాత్రి గది ఊడ్చుట వాని పని. వానికి ఆడుటకు సెలవు లేదు. అయితే ఎవరికైనను బస్సు వేళయై ఆట మధ్యలో విడిచి పోవలసివచ్చినయెడల, యజమానుడు లేనప్పుడు, వాడు పీట దిగి వచ్చి పిడి పట్టుకొనెడివాడు. వాడు ఆడుచుండగా మేమందరము మా పెట్టెలు విడిచి వచ్చి చూచెడివారము. మాలో ఎవడును వానికి సాటి కాడు. చూచి చూచి నేర్చినవాడు. యజమానుని స్కూటరు చప్పుడు కాగానే పిడి విడిచి పీట ఎక్కెడివాడు, ఆట ఏ ఘట్టములో ఉన్నను. తెరమీద అంకెలు సున్నాకు దిగివచ్చుచుండ వాడు చిల్లర లెక్కించుచు అటు చూచెడివాడు కాడు.

మేము వానిని "ఒరేయ్ చిల్లరా" అని పిలిచితిమి. నేనును అట్లే పిలిచితిని. అరుగుమీద కూర్చుండనియ్యని పల్లెనుండి వచ్చి, ఆ గదిలో భుజము ఆనించి నిలువగలిగితినని పొంగిపోయిన నేనే పిలిచితిని. ఆ పిల్లవాడు ఏ ఊరివాడో, బడికి పోయెనో లేదో అడుగలేదు. అప్పటికి 1986 నాటి బాలకార్మిక చట్టము ఉండెను గాని, అది అపాయకరమైనవని పేర్కొన్న పనులనే నిషేధించెను. పదునాలుగేండ్లలోపు పిల్లలను, తమ కుటుంబపు వృత్తిలో తోడ్పడుట వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఏ పనిలోను పెట్టరాదని 2016లో గాని సవరణ రాలేదు. చట్టము అడుగలేదు, నేను అడుగలేదు.

ఆనాటి స్నేహితుడు ఒకడు ఇప్పుడు ఒంగోలులో ఉపాధ్యాయుడు. అతనికి ఫోను చేసితిని. ఇద్దరము గంటసేపు మాటలాడుకొంటిమి. ఏ ఘట్టములో ఏ శత్రువు ఏ మూలనుండి వచ్చునో అతనికి ఇప్పటికిని తెలియును. నలుగురు వీరుల పేర్లు నేను అడుగకమునుపే చెప్పెను. "చిల్లర ఇచ్చే పిల్లాడి పేరేంట్రా?" అని అడిగితిని. అతడు కొంతసేపు ఊరకుండెను. "వాడి పేరా... చిల్లరే కదరా" అనెను. మరల ఊరకుండి, "పేరు ఉండే ఉంటుంది" అనెను.

దసరా సెలవులలో తెనాలికి వెళ్లితిని. ఆ సందులో ఆ గది ఉన్నది. ఇప్పుడు అందులో సెల్‌ఫోన్లు బాగుచేయుచున్నారు. ఎదుట టీ అంగడివాడు పాతవాడే. కంప్యూటర్లు వచ్చిన తరువాత ఆటల కొట్టు మూసిరని, యజమానుడు ఊరు విడిచిపోయెనని చెప్పెను. పిల్లవానిని గూర్చి అడుగగా, "ఏ పిల్లాడండీ? చాలామంది ఉండేవాళ్లు కదా" అనెను.

అక్కడనుండి నూనె కొట్టునకు నడచితిని. ఆ పాత వ్యాపారి కుమారుడు, నలుబది దాటినవాడు, త్రాసు దగ్గర కూర్చుండి యుండెను. తండ్రి పోయి ఆరేండ్లయినదట. నేనెవరినో, మా అమ్మ ఎవరో, ఆ శనివారము ఏమి జరిగెనో చెప్పితిని. అతడు ఎవరికో కందిపప్పు తూచుచునే వినెను. పొట్లము కట్టి ఇచ్చి డబ్బు తీసికొన్న తరువాత నా వైపు తిరిగి, "నాన్న ఉంటే నవ్వేవారండీ" అనెను. కొంచెము ఆగి, "లేదండీ, నవ్వరు. కొలత విషయంలో ఆయనకి మహా పట్టింపు" అనెను.

ఆ నూనెకు తగిన పైకము బల్లమీద పెట్టితిని. అతడు దానిని నా వైపునకే త్రోసెను. ఆటల కొట్టులో చిల్లర ఇచ్చిన పిల్లవాడు ఎవరో తెలియునా అని అడిగితిని. ఆ దినములలో తాను ఆ సందులోనికి పోకుండ నాన్న కట్టడి చేసెననియు, అయినను ఒక్కసారి దొంగతనముగా పోయి గుడ్డ సందులోనుండి చూచితిననియు చెప్పెను.

"పీటమీద ఒకడు కూర్చునేవాడు, అవునండీ" అనెను. "పేరు తెలీదు."